జీపులో కాగిన బ్యాటరీ

ఆ ఇంటికి ట్యూషను చెప్పడానికి నన్నెవరూ బలవంతపెట్టలేదు. ఒక ఆదివారం చర్చి వదిలిన తర్వాత మా ఇంటి ముందు జీపు ఆగింది. డ్రైవరు దిగి, "పెద్దాయన మనవరాలికి ఇంగ్లీషు చెప్పాలంటమ్మా. నువ్వు బాగా చెప్తావని ఎవరో చెప్పినారు" అన్నాడు. తలుపు వెనక నిలబడి మా అమ్మ నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగుతూనే ఉంది. నేను మాత్రం "సరే, వస్తాను" అన్నాను. ఆ రోజుల్లో జమ్మలమడుగులో ఆ ఇంటి జీపు వచ్చి అడిగితే "కుదరదు" అనే మాట ఎవరి నోటా వచ్చేది కాదు.

మేము ముత్తాతల నాటినుంచి మిషన్ కాంపౌండు మనుషులం. మా నాన్న బడిపంతులుగా చేసి పోయాడు. నాకు మిషన్ బడిలో ఉద్యోగం వచ్చి ఎక్కువ కాలం కాలేదు. ఊర్లో ఒక పార్టీకి పెద్దాయనే నాయకుడు. మాకు ఏ పార్టీ లేదు. ఏ పార్టీ లేనివాళ్లకు రెండు పార్టీల భయమూ ఉండేది.

పెద్దాయన ఇంటి గేటు ఇనుప రేకుది. గేటు పక్కన మంచాల మీద నలుగురైదుగురు మనుషులు ఎప్పుడూ కూర్చుని ఉండేవాళ్లు. మొదటి రోజు వాళ్లు నా సంచీలో పుస్తకాలన్నీ బయటికి తీసి చూశారు. టిఫిను డబ్బా మూత కూడా తీయించారు. అందులో ఉప్మా ఉంది. ఒకతను దాన్ని వాసన చూసి, "పోమ్మా" అన్నాడు.

పాపకు తొమ్మిదేళ్లు. వాళ్ల నాన్న అంతకు ముందు ముద్దనూరు రోడ్డులో చనిపోయాడు. ఎట్లా చనిపోయాడని ఆ ఊర్లో ఎవరూ ఎవరినీ అడగరు. వాళ్లమ్మ పులివెందులలో పుట్టింట్లో ఉండేది. పాపను మాత్రం పెద్దాయన తన దగ్గరే పెట్టుకున్నాడు. ఎన్నికలు దగ్గర పడుతున్నాయని బడి మాన్పించారు. గేటు దాటనిచ్చేవాళ్లు కాదు. మేడ మీదికి కూడా ఒంటరిగా పోనిచ్చేవాళ్లు కాదు. కిటికీలకు సగం దాకా రేకులు కొట్టి ఉండేవి. ఆ ఇంట్లో పగలు కూడా లైటు వేసుకుని చదువుకోవాలి.

కువైటులో ఉన్న మేనమామ పాపకు ఒక రిమోటు కారు పంపాడు. మూర పొడవు ఎర్ర కారు. చేతిలో చిన్న డబ్బా, దానికి ఏరియల్. మీట కదిపితే కారు హాలంతా ఉరికేది. వసారా దిగేది, వాకిట్లో చుట్టు తిరిగేది, ఒక్కొక్కసారి గేటు కింద సందులోంచి వీధిలోకి కూడా పోయేది. అప్పుడు మంచాల మీద మనుషులు లేచి పరుగెత్తేవాళ్లు. పాప కడుపు పట్టుకుని నవ్వేది. ఆ ఇంట్లో నేను విన్న నవ్వు అదొక్కటే.

కారు కింద మూత తీస్తే బ్యాటరీ ఉంటుంది. టార్చిలైటు సెల్లుల్లాంటివి ఆరు, పక్కపక్కన చేర్చి, పసుపుపచ్చ ప్లాస్టిక్ తొడుగు బిగించి, రెండు వైర్లు బయటికి తీసి ఉంటాయి. దాన్ని చార్జింగు పెట్టడానికి గోడకు గుచ్చే నల్ల పెట్టె ఒకటి. బ్యాటరీ నిండితే ఆగిపోయే ఏర్పాటు ఆ పెట్టెలో లేదు. మనమే లెక్క చూసుకుని పీకాలి. కరెంటు చూస్తే ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. పొద్దున పెట్టింది మధ్యాహ్నానికి నిండిందో, మధ్యలో కరెంటు లేక ఖాళీగానే ఉందో ఎవరికీ తెలిసేది కాదు. కారు నడవకపోతే నిండలేదనుకుని మళ్లీ పెట్టేవాళ్లు. నడిస్తే, ఇంకొంచెం నిండనీ అని మళ్లీ పెట్టేవాళ్లు.

ఒక సాయంత్రం నేను పోయేసరికి హాలు పక్క గదిలోంచి ఒకరకం వాసన వచ్చింది. కొత్త ప్లాస్టిక్ బకెట్టు ఎండకు కాగితే వచ్చే వాసన. పాప నా చెయ్యి పట్టుకుని ఆ గదిలోకి తీసుకుపోయింది. పరుపు మీద బ్యాటరీ, దాని మీద దుమ్ము పడకుండా మడత పెట్టిన దుప్పటి. దుప్పటి తీసి వేలు ఆనించి వెంటనే తీసేసుకున్నాను. పొయ్యి మీంచి దించిన గిన్నెలా ఉంది. గోడకున్న నల్ల పెట్టె కూడా అట్లాగే ఉంది. పీకేశాను.

అప్పుడు చూశాను, గది మూలలో గోనెసంచులు. మూతులు కట్టి, ఒకదానికొకటి తగలకుండా ఎడంగా పెట్టి, చుట్టూ రంపపు పొట్టు పోసి ఉన్నాయి. ధాన్యం సంచులను ఎవరూ అట్లా పెట్టరు. నేను పుట్టి పెరిగింది ఆ ఊర్లోనే. అవి నాటు బాంబులని నాకెవరూ చెప్పక్కర్లేదు. బయటి నుంచి ఒక కాపలా మనిషి వచ్చి, "టీచరమ్మా, ఈ గదిలోకి రాగూడదు" అన్నాడు.

"బ్యాటరీ ఈ గదిలో పెట్టొద్దప్పా" అన్నాను.

"ఎందుకు?"

"కాగుతాండాది."

అతను ఒకసారి మూలకు, ఒకసారి నా వైపుకు చూశాడు. మరునాటి నుంచి ఆ గదికి తాళం పడింది.

కారుతో పాటు వచ్చిన కాగితం ఇంగ్లీషులోనూ అరబ్బీలోనూ ఉంది. ఆరోజు పాఠం బదులు దాన్నే పాపకు చదివి తెలుగులో చెప్పాను. దానితో వచ్చిన చార్జరు తప్ప వేరేది వాడకూడదు. పరుపు మీద, గుడ్డ మీద పెట్టకూడదు, పైన ఏమీ కప్పకూడదు. కారు నడిపిన వెంటనే బ్యాటరీ వేడిగా ఉంటుంది, అది చల్లారాకే చార్జింగు పెట్టాలి. ఎండలో పెట్టకూడదు. పెట్టి వదిలేసి పోకూడదు, మనిషి దగ్గర ఉండాలి. చేతికి బాగా వేడి తగిలితే వెంటనే తీసేయాలి. పగిలి లోపలి నీళ్లు కారితే ముట్టుకోకూడదు, చర్మం కాలుతుంది. పాప అన్నింటికీ తల ఊపింది. పక్కన కూర్చుని విన్న డ్రైవరు మామ, "ఇంత చిన్న సామానుకు ఇంత కథనా?" అని నవ్వాడు. ఆయన యాభై దాటిన మనిషి. పాపను చిన్నప్పటినుంచి ఎత్తుకుని తిరిగినవాడు. పాప ఏడిస్తే ఆయన చూడలేడు.

తర్వాత కొన్నాళ్లకు పాపకు దూరం నుంచి అక్షరాలు కనపడటం లేదని నేనే వాళ్ల అవ్వకు చెప్పాను. కళ్ల డాక్టరు ప్రొద్దుటూరులో ఉన్నాడు. అవ్వకు మోకాళ్ల నొప్పి. "మొగోళ్లతో ఆడపిల్లను ఒక్కదాన్నే ఎట్ల పంపేది? నువ్వు తోడు పో టీచరమ్మా" అంది. నాకు ఆ జీపు ఎక్కడమంటేనే భయం. ఆ జీపు ఏ రోడ్డులో పోయినా రోడ్డు పక్కన మనుషులు మాటలు ఆపి చూస్తారు. అయినా తల ఊపాను.

ఆ పొద్దున కరెంటు లేదు. బ్యాటరీ ఖాళీ. ప్రొద్దుటూరులో బంధువుల ఇంట్లో నున్నటి సిమెంటు నేల ఉందని, అక్కడ కారు నడపాలని పాప ఆశ. జీపు ఎక్కి ఏడుపు మొదలుపెట్టింది. "ఏడవద్దు తల్లీ, దోవలో నిండుతాది" అన్నాడు మామ. నేను వెనక సీటులో పాప పక్కన సర్దుకుంటుంటే ఆయన బానెట్టు ఎత్తి ఏదో చేశాడు. రెండు వైర్లు పెడళ్ల పక్క సందులోంచి లోపలికి లాగి, బ్యాటరీకి చుట్టి, మా సీటు కిందికి తోశాడు. కదలకుండా గోనెపట్టా మీద పెట్టి తువ్వాలు కప్పాడు. నేను ఏం చేస్తున్నాడని అడిగేలోపు ముందు సీటులో కాపలా మనిషి ఎక్కాడు, జీపు కదిలింది.

ఆ సీటు కిందే ఒక బకెట్టు ఉంది. మూతి మీద గుడ్డ కట్టి ఉంది. ఎక్కేటప్పుడే కాపలా మనిషి "కాళ్లు దానికి తగలనియ్యొద్దు" అన్నాడు. గుంత వచ్చిన చోటల్లా మామ జీపును గర్భిణిని నడిపించినట్టు నడిపాడు. నేను కాళ్లు పైకి ముడుచుకుని కూర్చున్నాను. పాప నా భుజానికి తల ఆనించుకుని, ఒళ్లో కారు పెట్టుకుని, నిద్రలోకి జారుతూ ఉంది.

సగం దారి కూడా పోలేదు. ముందు వేడి తెలిసింది, సీటు కిందినుంచి. తర్వాత వాసన. ఇంజను వాసనేమో అనుకున్నాను. ఎండ విపరీతంగా ఉంది, రేకు కాగిందేమో అనుకున్నాను. ఆ తర్వాత సన్నగా ఒక శబ్దం వినిపించింది. మూత బిగించిన గిన్నెలోంచి ఆవిరి తప్పించుకున్నట్టు, "స్స్స్" అని.

వంగి తువ్వాలు లాగాను. పసుపు తొడుగు ముడుచుకుపోయి నల్లబడింది. వైర్ల మీది రబ్బరు మెత్తబడి గోనెకు అంటుకుంటోంది. సెల్లు చివర నుంచి తెల్లగా పొగ. ఆ పొగకు జానెడు దూరంలో బకెట్టు.

"మామా, ఆపు!"

"ఏందమ్మా?"

"బ్యాటరీ కాలుతాండాది! ఆపు!"

మామ వెనక్కి తిరిగి చూసి బ్రేకు మీద కాలు పెట్టబోయాడు. కాపలా మనిషి ఆయన భుజం పట్టుకున్నాడు. "ఈ ఊర్లో కాదు! ఈడ ఆపితే సచ్చినాం. తోలు, తోలు!"

అప్పుడు చూశాను బయట. అది ఎదుటి పార్టీ ఊరు. స్తంభాలకు వాళ్ల జెండాలే ఉన్నాయి. ఆ ఊరు దాటేదాకా జీపు ఎప్పుడూ ఆగదని అందరికీ తెలుసు.

ఏం చేశానో నాకు తర్వాత గుర్తుచేసుకుంటేనే తెలిసింది. పాపను కాళ్లతో అవతలి మూలకు తోశాను. చీర కొంగు చేతికి చుట్టుకుని వైర్లు పట్టి లాగాను. ఒకటి ఊడింది, ఇంకొకటి రాలేదు. అరచేయి కాలింది. మళ్లీ లాగాను. ఊడింది. బ్యాటరీని తువ్వాలులో ఎత్తి జీపు వెనక తెరిచి ఉన్న వైపు నుంచి బయటికి విసిరేశాను.

అది ఒక టీ బంకు ముందు పడింది. పడీ పడగానే "టప్" మంది. పెద్ద శబ్దం కాదు, దీపావళి టపాకాయంత. కానీ ఆ ఊర్లో, ఆ జీపులోంచి, ఎన్నికల ముందు!

"బాంబేసినార్రా!" అని ఎవరో కేక వేశారు.

బంకులో మనుషులు బెంచీలు తన్నేసి పరుగెత్తారు. తలుపులు ధడధడా మూసుకున్నాయి. ఎవరో ఆడమనిషి బిడ్డ పేరు పెట్టి అరుస్తోంది. మామ జీపును ఉరికించాడు. కానీ ఊరి చివర ట్రాక్టరు ఒకటి అడ్డంగా వచ్చి ఆగింది. ట్రాలీ రోడ్డంతా మూసేసింది. ట్రాక్టరు తోలేవాడు దూకి గోడ వెనక్కి పోయాడు. జీపు ఆగింది. వెనక్కి తిప్పడానికి చోటు లేదు. మిద్దెల మీద తలలు లేస్తున్నాయి.

కాపలా మనిషి ముందు సీటులోంచి వెనక్కి వంగి మా సీటు కింద చెయ్యి పెట్టాడు. బకెట్టు కోసం. నేను ఆ గుడ్డ మీద నా పాదం పెట్టాను. ఎందుకు పెట్టానో నాకు తెలియదు. పెట్టాను.

"కాలు తీయమ్మా!"

"పాప ఉండాదన్నా. పాప ఉండాది."

అతని ముఖంలో చెమట నా చేతి మీద పడింది. పాప నిద్రలోంచి తేరుకుని నా వైపు చూస్తోంది, ఏడవడం లేదు. ఆ పిల్ల అట్లాంటప్పుడు ఏడవకూడదని అప్పటికే నేర్చుకుంది. అదే నన్ను లేపింది.

"నేను దిగతా. దిగి చెప్తా" అన్నాను.

"సంపుతారు" అన్నాడు మామ.

పాప ఒళ్లోంచి ఎర్ర కారు తీసుకున్నాను. దిగి, ఆ కారును రెండు చేతులతో తల మీదికి ఎత్తి పట్టుకుని, బంకు వైపు నడిచాను. చిన్నప్పుడు నేర్చుకున్న ప్రార్థన నోట్లో మొదలై మొదటి మాట దగ్గరే మళ్లీ మళ్లీ ఆగిపోయింది. మిద్దె మీంచి ఒక రాయి వచ్చి నా ముందు పడింది. ఆగాను. ఇంకో రాయి రాలేదు. మళ్లీ నడిచాను.

"బాంబు కాదప్పా, బాంబు కాదు!" అని అరుస్తున్నాను. "పిల్లకాయలు ఆడుకునే కారు ఇది! దీని బ్యాటరీ కాలిపోయినాది, అందుకే పారేసినా!"

గోడ సందులోంచి ఒక పెద్దమనిషి బయటికి వచ్చాడు. తెల్ల పంచె, చేతిలో కర్ర. ఆయన వెనక కొడవళ్లతో ఇద్దరు. ఆయన నన్ను కిందినుంచి పైకి చూశాడు.

"ఎవురి బిడ్డవు నువ్వు?"

"జమ్మలమడుగు మిషన్ కాంపౌండప్పా. బడి టీచర్ని."

"టీచరువైతే ఆ బండ్లో ఏం పని నీకు?"

"పిల్లకు కంటి అద్దాలు. డాక్టరు కాడికి పోతాండాం."

ఆయన కర్రతో బంకు ముందు పడి ఉన్న బ్యాటరీ వైపు చూపించాడు. ఇంకా పొగ వస్తోంది. "బాంబు కాకపోతే ఎత్తుకో దాన్ని."

నేను దాని దగ్గరికి పోయాను. మీటరు దూరంలోనే వేడి కొడుతోంది. ఒక సెల్లు పగిలి నల్లగా నోరు తెరిచి ఉంది, దాని చుట్టూ తడి. ఆ తడి ముట్టుకోకూడదని నాకు తెలుసు. ముట్టుకోకపోతే నన్ను నమ్మరని కూడా తెలుసు. అరచేయి అప్పటికే బొబ్బలెక్కి మండుతోంది.

"ఇప్పుడు ముట్టుకుంటే చెయ్యి కాలుతుందప్పా. దాంట్లో కారం లాంటి నీళ్లుంటాయి, పుండు పడతాది. ఇసుక ఇప్పించండి. మీరు ఎవురూ దగ్గరికి రావొద్దు" అన్నాను.

తర్వాత బంకు నడిపే ఆమె తలుపు కొద్దిగా తీసి, నీళ్ల కుండ కింద పోసిన ఇసుకను చేటలోకి ఎత్తి నా వైపు తోసింది. నేను దూరం నుంచే ఆ ఇసుకను బ్యాటరీ మీద పోశాను. పొగ తగ్గింది. చల్లారేదాకా నిలబడమన్నాడు పెద్దమనిషి. నిలబడ్డాను. జీపు దూరంగా, ట్రాలీ ముందు, ఎండలో ఉంది. జీపులోంచి ఎవరైనా దిగుతారేమో, కాపలా మనిషి ఆ గుడ్డ విప్పుతాడేమో అని నా చూపంతా అటే ఉంది. ఈ ఊరివాళ్ల కన్నా ఆ బకెట్టే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"అది ఎట్ల పోతాది?" అని అడిగాడు ఆ పెద్దమనిషి, నా చేతిలోని కారును చూసి. చెప్పాను. రిమోటు జీపులో ఉందని చెప్పాను. ఆయన కారును తీసుకుని చక్రం వేలితో తిప్పాడు. "బండ్లో ఉన్న పిల్ల ఎవురు?"

ఆయనకు తెలుసు. జీపు ఎవరిదో తెలిసినవాడికి పిల్ల ఎవరో తెలియదా? అబద్ధం చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. "ఒక చిన్న పాపప్పా. నాయన లేడు" అన్నాను.

వెనకనున్న ఇద్దరిలో ఒకడు ఆయన చెవిలో ఏదో అన్నాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇసుకలోంచి కర్రతో బ్యాటరీని బయటికి దొర్లించి, చల్లారిందో లేదో నన్నే చూడమన్నాడు. తువ్వాలు ముక్కతో పట్టుకుని ఎత్తాను. గోరువెచ్చగా ఉంది. ఎత్తి అందరికీ కనపడేట్టు పట్టుకున్నాను.

"పిల్లను ఎండలో కూసోబెట్టినారు" అన్నాడాయన, కారును నా చేతిలో పెడుతూ. "పొండి. ఆ బండి ఇంగ ఈ దోవన కనపడగూడదు."

ట్రాక్టరు కదిలింది. నేను జీపు దాకా నడిచాను, పరుగెత్తకూడదని నాకు నేనే చెప్పుకుంటూ. ఎక్కి కారును పాప ఒళ్లో పెట్టాను.

ప్రొద్దుటూరులో మామ ముందు నన్ను మందుల షాపుకు తీసుకుపోయి చేతికి కట్టు కట్టించాడు. పాపకు కళ్లు చూపించాం. తర్వాత గల్ఫు సామాన్లు అమ్మే షాపుకు పోయాం. దాని యజమాని ఒక సాయబు. బ్యాటరీని అటూ ఇటూ తిప్పి చూసి, "జీపు బ్యాటరీకి సీదా తగిలించినారా? అరె అల్లా!" అన్నాడు. "ఇది ఏడు ఓల్టులది, అది పన్నెండు. బొట్టుబొట్టుగా పోయాల్సిన దాంట్లో కాలవ తెగ్గొట్టినారు. పేలకుండా ఎట్లుంటాది మామా?"

షాపాయన దగ్గర అట్లాంటి బ్యాటరీ ఒకటి పాతది ఉంటే ఇచ్చాడు. కరెంటు పోయి వస్తుంటే లెక్క చూసుకోవద్దని, చెయ్యి పెట్టి చూసుకోవాలని చెప్పాడు. కొంచెం వెచ్చబడితే నిండినట్టు, బాగా వేడెక్కితే ఆలస్యమైనట్టు. వైరు కూడా వేడిగా ఉందా అని చూడాలన్నాడు. వచ్చేటప్పుడు ఎర్రగుంట్ల మీదుగా చుట్టు తిరిగి వచ్చాం. పాప కొత్త అద్దాలు పెట్టుకుని పొలాలు చూస్తూ కూర్చుంది.

మేము చేరేసరికి విషయం ఇంటికి చేరిపోయింది. పెద్దాయన వసారాలో కూర్చుని ఉన్నాడు. అన్ని నెలల్లో ఆయన నాతో మాట్లాడటం అదే మొదలు. నన్ను కుర్చీలో కూర్చోమన్నాడు. కూర్చోలేకపోయాను.

"వాళ్లు ఏమన్నారు?"

"పొండి అన్నారండీ."

"పిల్ల ఉందని తెలిసే వదిలినారా?"

"తెలిసే."

ఆయన చేతిలో కాలిన బ్యాటరీ ఉంది. దాన్ని బొటనవేలితో రుద్దుతూ ఉన్నాడు. మసి ఆయన తెల్ల చొక్కాకు అంటుతోంది, చూసుకోలేదు. డ్రైవరు మామ వాకిట్లో తల వంచుకుని నిలబడ్డాడు. ఆయనను కొడతారనుకున్నాను. కొట్టలేదు. "బకెట్టు దించు" అన్నాడు పెద్దాయన, చాలా మెల్లగా. "పాప ఎక్కిన బండ్లో ఇంగ అది ఉండగూడదు." ఆ తర్వాత నా వైపు తిరిగాడు. "బ్యాటరీ సంగతి నువ్వు చూసుకో టీచరమ్మా. ఎట్ల పెట్టాలని నువ్వు చెప్తే అట్ల. ఇంకోసారి కాగిందంటే..." అని ఆపేశాడు.

ఆ ఆపేసిన మాట నన్ను రాత్రులు నిద్రపోనివ్వలేదు. అంతకు ముందు ఆ ఇంట్లో ఏం జరిగినా నాకు సంబంధం లేదు. ఇప్పుడు ఆరు సెల్లులు నా మెడకు చుట్టుకున్నాయి. "మానెయ్యి తల్లీ, మైలవరంలో మీ చిన్నాయన కాడికి పోయి ఉండు" అంది మా అమ్మ. మానేస్తే ఏమనుకుంటారో అని అదొక భయం.

అందుకే పట్టుబట్టి చేయించాను. సంచుల గది వైపు గోడకు ఉన్న ప్లగ్గు వాడొద్దన్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు. వంటింటి వసారాలో, గాలి ఆడే చోట, నాపరాతి బండ మీద రెండు ఇటుక ముక్కలు ఎడంగా పెట్టించి, వాటి మీద బ్యాటరీ పెట్టించాను. కిందినుంచి కూడా గాలి పోవాలి. చుట్టూ గుడ్డ, కాగితం, కట్టెపుల్ల ఏదీ ఉండకూడదు. కారు ఆడుకున్నాక బ్యాటరీ బయటికి తీసి, పూర్తిగా చల్లారేదాకా ఆగాలి. మధ్యాహ్నం ఎండలో వద్దు, పొద్దున పూటే. ఆ పొద్దున కరెంటు లేకపోతే ఆరోజుకు కారు లేదు. పాప దీనికి ఒక్కసారి కూడా ఏడవలేదు. జీపులో ఆ మధ్యాహ్నం తర్వాత ఆ పిల్లలో ఏదో మారింది.

పొద్దున నేను బడిలో ఉంటాను కాబట్టి కాపలాకు అవ్వను కూర్చోబెట్టాం. ఆమె ముక్కాలి పీట వేసుకుని, ఒళ్లో చేట పెట్టుకుని బియ్యం ఏరుతూ, మధ్యమధ్యలో ముంజేతి వెనక భాగం బ్యాటరీకి ఆనించి చూసేది. జ్వరం చూసినట్టు. "ఇప్పుడు బాగనే ఉండాది" అనేది. ఒకరోజు కరెంటు పోయి వచ్చినప్పుడు లైట్లు కళ్లు చెదిరేట్టు వెలిగాయట. నల్ల పెట్టె కాగడం చూసి ఆమె బియ్యం చేట పక్కన పడేసి, చీర కొంగుతో పట్టుకుని ప్లగ్గు పీకేసిందట. సాయంత్రం నేను పోయేసరికి ఆ సంగతి నాలుగుసార్లు చెప్పింది. నేను పెట్టెను ముట్టుకుని చూశాను, చల్లగా ఉంది. బ్యాటరీ చల్లగా ఉంది. ఏమీ కాలేదు. కానీ మళ్లీ ఆ బంకు ముందు నిలబడ్డట్టు అనిపించింది. వసారా మెట్టు మీద కూర్చుండిపోయాను.

ఎన్నికలకు పది పదిహేను రోజుల ముందు పాపను పులివెందులకు, వాళ్లమ్మ దగ్గరికి పంపేశారు. వెళ్లే పొద్దున నన్ను పిలిపించారు. కాగితంలోని సంగతులన్నీ ఒకసారి చెప్పమన్నాను. ఎక్కం అప్పజెప్పినట్టు, చేతులు కట్టుకుని చెప్పింది. ఒకటి నా కాగితంలో లేనిది కూడా చేర్చింది: "దగ్గర బకెట్టు ఉండగూడదు." వసారాలో ఉన్న పెద్దవాళ్లెవరూ నవ్వలేదు.

ఎన్నికలైన తర్వాత ఆ ఎదుటి పార్టీ ఊర్లో గడ్డివాములు కాలాయని, రెండు ఇళ్లు కూలాయని బడిలో చెప్పుకున్నారు. ఎవరు చేశారో అందరికీ తెలుసు. ఆ పెద్దమనిషి ఉన్నాడా లేడా అని నేను ఎవరినీ అడగలేకపోయాను. అడిగితే ఎందుకు అడుగుతున్నావంటారు. చాలా రోజులకు, మా బడికి చాపాడు నుంచి వచ్చే ఒక టీచరు మాటల మధ్యలో చెప్పింది, ఆయన ఇల్లు వదిలి ప్రొద్దుటూరులో కూతురి దగ్గర ఉంటున్నాడని. ఆరోజు నేను క్లాసులో నిలబడి పాఠం చెప్పలేకపోయాను. పిల్లలకు లెక్కలు ఇచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాను.

పెద్దాయన ఇంటి నుంచి నాకు మళ్లీ పిలుపు రాలేదు. చదువు చెప్పించుకునే పిల్లే ఆ ఇంట్లో లేదు కదా. వచ్చి ఉంటే మాత్రం, రానని చెప్పగలిగేదాన్ని కాదు. జీపు శబ్దం వినగానే సంచీ సర్దుకునేదాన్ని.